నేను పట్టించిన మౌనవ్రతం

మా ఆయన చేత మౌనవ్రతం పట్టించింది నేనే. మొక్కు ఉండి కాదు, ఏ స్వామీజీయో చెప్పి కాదు. అశోక్‌నగర్‌లో బజ్జీల బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారని పట్టించాను. ఈ సంగతి ఇంతవరకు మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

ఆయన నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పారు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాళ్లకు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇంకో పదేళ్లు చెప్పారు. అసలు పేరు ఆ పదేళ్లలోనే వచ్చింది. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి లైబ్రరీ దాకా నడిస్తే పది నిమిషాలు. ఆయనతో నడిస్తే ముప్పావు గంట. అడుగడుగునా ఎవరో ఒకరు "సార్, నమస్తే" అంటూ ఆపేవాళ్లు. నేను కూరగాయల సంచీతో పక్కన నిలబడి విసుగ్గా మొహం పెట్టేదాన్ని గానీ, లోపల మహా గర్వంగా ఉండేది.

నేనూ టీచర్నే. బర్కత్‌పురలో రెండో తరగతి పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లు చదువు చెప్పాను. కాకపోతే ఆయన నోరు తెరిస్తే రెండొందల మంది నోరు మూసుకునేవారు. నేను నోటి మీద వేలు పెట్టుకుని కళ్లురిమితే గానీ నలభై మంది మూసుకునేవారు కాదు. మన ఇద్దరి ఉద్యోగాలకూ తేడా అంతేనోయ్ అని ఆయన నన్ను ఏడిపించేవారు.

మూడేళ్ల క్రితం మరుపు మొదలైంది. డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు చెప్పారు. ముందు కళ్లజోడు, తర్వాత తాళాలు, ఆ తర్వాత నెలలూ వారాలూ, చివరకు అమ్మాయికి పెళ్లయిందన్న సంగతి. వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఒక్క ప్రశ్ననే. "ఏమోయ్, మనం ఇంటికి ఎప్పుడెళ్తాం?" ఇరవై రెండేళ్లుగా ఉంటున్న ఫ్లాటులో, తన కుర్చీలో కూర్చుని, తన గ్లాసులో కాఫీ తాగుతూ అడిగేవారు. "ఇదే మన ఇల్లండీ" అనేదాన్ని. "ఓహో, అలాగా" అనేవారు. ఐదు నిమిషాలకు మళ్లీ అదే. మొదటిసారి నవ్వుతూ చెప్పేదాన్ని, నాలుగోసారి మామూలుగా, పదోసారి పళ్లు బిగబట్టి. పదిహేనోసారికి నా గొంతు వినాలంటే నాకే రోతగా ఉండేది. రెండో తరగతి పిల్లలు ఒకే మాట వందసార్లు అడిగినా జవాబు చెప్పినదాన్ని. వాళ్లు ఇవాళ కాకపోతే రేపు నేర్చుకుంటారని చెప్పాను. ఈయన ఇక నేర్చుకోరని తెలిశాక నా ఓపిక ఎటుపోయిందో తెలియదు.

ఇక ఆ బజ్జీల బండి సంగతి. పోయినేడు వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఆయన్ను నడిపించుకుంటూ అశోక్‌నగర్ వైపు వెళ్లాను. అక్కడ నలుగురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఒకతను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు. "సార్, శాతవాహనుల దగ్గర ఒక డౌటుండె" అన్నాడు. ఒకప్పుడైతే ఆ ముక్క చాలు, బజ్జీలు చల్లారిపోయేదాకా మేం కదిలేవాళ్లం కాదు. ఆయన అతని భుజం మీద చెయ్యేసి "ఏ ఊరు బాబూ మీది?" అన్నారు. "వనపర్తి సార్." "ఓహో, వనపర్తి. మంచి ఊరు." ఒక్క క్షణం ఆగి, "ఏ ఊరన్నావ్?" అన్నారు. మూడోసారి కూడా అడిగారు. పాపం ఆ అబ్బాయి మూడుసార్లూ ఒకేలా చెప్పాడు. వెనక ఉన్న ఇద్దరు మాత్రం మొహాలు చూసుకుని నవ్వారు. వాళ్లు చేతిలోని ఫోను చూసి నవ్వారేమో కూడా. నేను అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుంటూ ఇంటికి తీసుకొచ్చాను.

మర్నాడు లైబ్రరీ సందులో ఇంకొకతను ఎదురయ్యాడు. "నమస్తే సార్, మంచిగున్నరా?" ఆయన మొహం విప్పారింది, నోరు తెరవబోయారు. నేను ముందే అందుకుని "సారు మౌనవ్రతంలో ఉన్నారు బాబూ" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందా మాట అంటే, మా అత్తగారి నుంచి. ఆవిడ సోమవారాలు మౌనం పట్టేది. పప్పులో ఉప్పు తక్కువైతే చేతులతోనే నన్ను తిట్టేది. ఆ జ్ఞాపకం నాలుక చివరన ఉన్నట్టుంది, జారింది. అతను ఒకడుగు వెనక్కి వేసి చేతులు జోడించాడు.

"ఎన్ని రోజులు మేడం?"

"సోమవారాలు బాబూ."

"ఇయ్యాల గురువారం కదా."

"మండలం దీక్ష" అన్నాను. "నలభై రోజులు."

ఒక అబద్ధం ఆడితే దానికి తోడుపోయే రెండోది వెతుక్కోనక్కర్లేదు, అదే వచ్చి పక్కన నిలబడుతుంది. ఇంటికొచ్చాక ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డాను. బయట ఎవరు పలకరించినా మాట్లాడకూడదని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు నాకు చేతనైన పని చేశాను. నోటి మీద వేలు పెట్టుకుని, కళ్లు పెద్దవి చేశాను. ఆయన ముందు నవ్వారు, ఆటనుకున్నారు. తర్వాత నా మొహం చూసి నెమ్మదిగా తన వేలు తీసి తన పెదవుల మీద పెట్టుకున్నారు. నేను "గుడ్" అన్నాను. శాతవాహనుల నుంచి నిజాముల దాకా రెండొందల మందికి కాగితం ముక్క లేకుండా చెప్పిన మనిషిని, రెండో తరగతి పిల్లవాడిని అన్నట్టు, "వెరీ గుడ్" అన్నాను.

మండలం గడిచింది. అప్పటికి ఆషాఢం వచ్చింది కాబట్టి, చాతుర్మాస్యం పట్టారని చెప్పాను. నాలుగు నెలల గడువు దొరికింది. సందులో వార్త పాకింది. గుడికి వెళితే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. రెండో అంతస్తు ఆవిడ తన కోడల్ని తీసుకొచ్చి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టించింది. మౌనంలో ఉన్నవాళ్ల చేతి అక్షింతలు మంచివట. ఆయన అక్షింతలు చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆ పిల్ల తల మీద వేయించాను. మతిమరుపు మనిషి కాస్తా మహర్షి అయిపోయారు. నేను ఆ మహర్షి పక్కన పట్టుచీర కట్టుకుని నిలబడ్డాను.

అన్నం తిన్న సంగతి పది నిమిషాల్లో మర్చిపోయే మనిషి, ఆ వేలు మాత్రం మర్చిపోలేదు. ఎందుకో నాకు తెలియదు. భయం పెట్టి నేర్పింది పోదేమో. మెల్లగా ఇంట్లో కూడా మాట్లాడటం మానేశారు. ఇంటికి ఎప్పుడెళ్తాం అన్న ప్రశ్న ఆగిపోయింది. అది ఆగిపోయిన రోజు నేను రెండేళ్ల తర్వాత మొదటిసారి పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివాను. కాఫీ వేడిగా తాగాను. హాయిగా ఉంది. ఈ ముక్క రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరుగుతున్నాను. ఆయన పరువు కోసమే ఇదంతా చేశానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆ హాయి కోసం కూడా చేశాను. ఆయన నోరు మూయించి నేను సుఖపడ్డాను.

శ్రావణంలో ఒక పాత విద్యార్థి మిఠాయి పొట్లంతో వచ్చాడు. నాయబ్ తహసీల్దారు ఉద్యోగం వచ్చిందట, ఏదో మండలంలో చేరాడట. అతన్ని చూడగానే ఆయన చాలా రోజుల తర్వాత కుర్చీలోంచి లేచారు. "రావోయ్, రా, కూర్చో" అన్నారు. ఎంత బాగుందో ఆ గొంతు. ఆ తర్వాత ఏం అడుగుతారో నాకు తెలుసు. ఏ ఊరు అంటారు, మళ్లీ ఏ ఊరు అంటారు. నేను అతని వెనక నిలబడి నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆయన నన్ను చూశారు. కూర్చున్నారు. వేలు పెట్టుకున్నారు.

"వ్రతంలో ఉన్నారు బాబూ, నిన్ను చూసిన సంతోషంలో మర్చిపోయారు" అన్నాను.

అతను అరగంట కూర్చున్నాడు. లైబ్రరీలో ఎక్కడ కూర్చుని చదివిందీ, రెండుసార్లు పోయి మూడోసారి ఎలా వచ్చిందీ అంతా చెప్పాడు. ఆయన తల ఊపుతూ విన్నారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "సార్ గొంతు ఒక్కసారి విందామని వచ్చిన మేడం. పరీక్ష రాస్తుంటే గూడ సార్ చెప్పినట్టే వినపడుతుండె" అన్నాడు. నేను "వ్రతం కదా బాబూ, ఏం చేస్తాం" అన్నాను. తలుపు వేసి వచ్చి, ఇక మాట్లాడొచ్చండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

పుణెలో ఉండే మా అమ్మాయి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. నాన్నకివ్వమంటే పడుకున్నారనేదాన్ని, స్నానంలో ఉన్నారనేదాన్ని. ఆదివారం ఏ వేళకు చేసినా మా ఆయన స్నానమే చేస్తున్నారు.

ఆశ్వయుజంలో డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన తేదీ వచ్చింది. డాక్టరు ఆయన పేరు చెప్పమన్నారు. ఆయన నా వైపు చూసి వేలు పెట్టుకున్నారు. ఇది ఏ నెల అని డాక్టరు అడిగారు, ఆ వేలు కదలలేదు.

"మాట ఎప్పటి నుంచి తగ్గిపోయిందమ్మా?"

"నాలుగు నెలల నుంచి అండీ."

అబద్ధం కాదు. నిజమూ కాదు. మాట ఇంత తొందరగా పడిపోతే తలలో కొత్తగా ఏమైనా జరిగిందేమో చూడాలని డాక్టరు స్కాన్ రాశారు. అక్కడే, ఆ కుర్చీలోనే చెప్పేయాల్సింది. డాక్టరుగారూ, పడిపోలేదు, నేను పడగొట్టాను అని. వెనక ఇంకో పేషెంటు కుటుంబం నిలబడి ఉంది. వాళ్లు వింటారని ఊరుకున్నాను. స్కాన్ దగ్గర ఆయన్ను ఆ గొట్టంలోకి తోశారు. గోడ ఇవతలకు కూడా వినిపించేంత చప్పుడు. బయటకు వచ్చాక అక్కడి మనిషి మెచ్చుకున్నాడు. "మంచి పేషెంట్ మేడం, అందరు ఒర్లుతరు, ఈ సార్ ఒక్క మాట గూడ అనలే." ఆయన రెండు కళ్ల పక్కనా తడి చెవుల దాకా కారి ఉంది. చీర కొంగుతో తుడిచాను. భయపడ్డారా అని అడిగాను. జవాబు చెప్పొద్దని నేర్పినదాన్ని నేనే కదా.

స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదు. "వీలైనంత మాట్లాడించండమ్మా. తప్పులు మాట్లాడినా, అడిగిందే అడిగినా పర్లేదు. వాడకపోతే ఉన్న మాటలు కూడా పోతాయి" అన్నారు డాక్టరు. నేను బుద్ధిమంతురాలిలా తల ఊపాను.

కార్తీకంలో చాతుర్మాస్యం ముగిసింది. ఏకాదశి నాడు కొబ్బరికాయ కొట్టి, ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. వ్రతం అయిపోయిందండీ, ఇక మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి అన్నాను. ఆయన నా మొహం చూసి వేలు పెట్టుకున్నారు. ఆ వేలు తీసి కింద పెట్టాను. రెండో చేతి వేలు పెట్టుకున్నారు. మనం ఇంటికి ఎప్పుడెళ్తామో అడగండి, అడగండి అని బతిమాలాను. ఎంత విసుక్కున్నానో ఆ ప్రశ్నను, అదే ముష్టి ఎత్తుకున్నట్టు అడిగాను. చివరకు నా బుద్ధి పోనిచ్చుకోక "మాట్లాడమంటున్నానా" అని గట్టిగా అరిచాను. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

ఇక దాచి లాభం లేదనిపించింది. తెలిసినవాళ్లందరికీ నిజం చెప్పి, ఆయనతో కాస్త మాట్లాడమని అడుక్కోవాలనుకున్నాను. ముందు ఇస్త్రీ చేసే ఆమెకు చెబుదామని దిగాను. మా గేటు పక్కనే ఆమె బండి. రోజూ పొద్దున్న నేను స్నానం, పూజ, వంట చేసుకునే గంటన్నర ఆయన్ను ఆ బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వస్తాను. మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక ఒక గంట. ఆమెకు నా కంటే ఐదారేళ్లు తక్కువ ఉంటాయి.

"నీకో సంగతి చెప్పాలి. సారుకు వ్రతం లేదు, ఏమీ లేదు. మరుపు జబ్బు. నేనే దాచాను. నువ్వు కాస్త మాట్లాడిస్తూ ఉండు" అన్నాను.

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఎరుకే కదమ్మా. రోజు మాట్లాడుతనే ఉంటడు కదా సారు."

"ఎవరితో?"

"నాతోని. పాలాయనతోని. గా కోచింగు పోరగాండ్లతోని. పిల్లలెంతమంది అని అడుగుతడు, ముగ్గురు సార్ అంట. జరసేపటికి మల్ల అడుగుతడు, మల్ల చెప్త. నాదేం పోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వ్రతం వ్రతం అని అందరికి చెప్పుకొచ్చిండ్రు. కాదంటే మీ మాట పోతది కదా. ఎందుకులే అని ఎవ్వరం అనలే."

నేను కాపాడుతున్నాననుకున్న పరువును ఆ సందంతా కలిసి కాపాడుతోంది. అది ఆయనది కాదు, నాది.

"నేను వస్తే ఆయన ఏం చేస్తారు?"

ఆమె ఒక చొక్కా చేతులు మడత పెట్టింది. "గేటు సప్పుడైతే నోటి మీద ఏలు పెట్టుకుంటడు. నన్ను గూడ పెట్టుకోమంటడు. టీచరమ్మ వస్తుంది, మాట్లాడకు, కోప్పడతది అంటడు."

"టీచరమ్మ అంటే నేనేనని తెలుసా ఆయనకు?"

"ఏమోనమ్మా. మేడం గురించి అయితే వేరే చెప్తడు. మా ఆవిడ స్కూలుకు పోయింది, సాయంత్రం వస్తది, ఆమె వచ్చినంక ఇంటికి పోతం అంటడు."

పైకి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. నలుగురిలో నవ్వులపాలయ్యానని ఏడవలేదు, అలా ఏడ్చినా బాగుండేది. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆయన నాకు భయపడిన రోజు ఒక్కటి లేదు. ఇప్పుడు నా అడుగుల చప్పుడుకు భయపడి, నా కోసమే ఎదురుచూస్తున్నారు.

తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి కూడా సిగ్గే. స్కూలు రోజుల నాటి నేత చీర ఒకటి బీరువా అడుగున ఉంటే తీసి కట్టుకున్నాను. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, వెనక గేటు నుంచి వెళ్లి, సందు చుట్టి, నాలుగున్నరకు స్కూలు నుంచి వస్తున్నదానిలా ముందు గేటు వైపు నుంచి వచ్చాను. ఆయన వేలు పెట్టుకున్నారు. రెండో రోజు కుర్చీలో కునుకు తీస్తున్నారు. మూడో రోజు మళ్లీ వేలే. ముసలితనంలో ఈ వేషాలేమిటని మానేశాను.

వారం తర్వాత ఆయన మందుల కోసం నారాయణగూడ వెళ్లాను. ఆయన్ను ఇస్త్రీ ఆమె దగ్గరే వదిలాను. తిరిగి వస్తుంటే ఫ్లైఓవరు కింద ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటో దిగి నడిచాను. చెమటలు కక్కుతూ, చెప్పు తెగి, దాన్ని ఈడ్చుకుంటూ సందులోకి వచ్చాను. వేషం లేదు, ఏమీ లేదు. తల ఎత్తేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నా వైపే చూస్తున్నారు.

"ఇంత ఆలస్యమైందేమోయ్" అన్నారు.

దగ్గరకు వెళ్లాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, గేటు వైపు, మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఈ ఇంట్లో ఒక టీచరమ్మ ఉందోయ్. నన్ను మాట్లాడనివ్వదు."

"నేను వెళ్లి చెప్తానండీ ఆవిడతో" అన్నాను.

"వద్దు, వద్దు. నువ్వు వెళ్లకు. నిన్ను కూడా నోరు మూసుకుని కూర్చోమంటుంది" అని నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఇస్త్రీ ఆమె తల వంచుకుని బొగ్గులు సర్దుకుంటోంది. నేను ఆయన కుర్చీ పక్కన గట్టు మీద కూలబడ్డాను. చీకటి పడేదాకా ఇద్దరం పైకి వెళ్లలేదు.